మా ముత్తాతని నేనే దత్తతకిచ్చాను

శ్రీకాకుళం జిల్లాలో మా పూర్వీకులకు నూరెకరాల మాగాణి ఉండేది. పక్కనున్న ఏరు మా ముత్తాతని అడిగి మరీ మలుపు తిరిగేదట.

నూరెకరాలు కాదు. ఎకరంన్నర. అదీ మెట్ట. ఏరు ఉన్నమాట నిజమే గానీ, అది ఎవర్నీ ఏమీ అడిగేది కాదు. వానాకాలంలో వచ్చి గట్టు కోసుకుని పోయేది. అలా పోగా మిగిలిన నేలచెక్క తిండికి చాలక మా తాత పార పక్కన పెట్టి, రైలెక్కి, ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపులో కూలీగా చేరాడు. ఆయన తర్వాత మా నాన్న, నాన్న తర్వాత నేను, అదే గేటులోంచి లోపలికి వెళ్ళి అదే గేటులోంచి ముసలివాళ్ళమై బయటికొచ్చాం. ఇప్పుడు ఖరగ్‌పూర్‌లోనే, ఝపటాపూర్ పేటలో, కొడుకూ కోడలూ మనవరాలితో ఉంటున్నాను. పొద్దున సైకిలు మీద కూరగాయలు తెస్తాను, ఆదివారం పూజకి వెళ్తాను, మిగిలిన సమయమంతా మాట్లాడతాను.

మేం కేథలిక్కులం. తెల్ల ఫాదర్లు శ్రీకాకుళంలో మా ఊరొచ్చి గుడి కట్టిన రోజుల్లో జ్ఞానస్నానం పొందిన రైతు కుటుంబాలు కొన్ని ఉన్నాయి. వాటిలో రెండు ఈ ఖరగ్‌పూర్ చేరాయి. ఒకటి మాది. రెండోది ప్రేమ్ బజార్‌లో ఉన్న ఒక పెద్దావిడ అత్తవారిది. ఆవిడ భర్త కూడా రైల్వేలో చేసి, రిటైరయ్యాక పోయాడు. కొడుకూ కోడలూ వేరే ఊళ్ళో ఉద్యోగాలు. ఆవిడ పైగదులు కాలేజీ కుర్రాళ్ళకి అద్దెకిచ్చి, కింద మనవడితో ఉంటుంది. ఆ మనవడిది కూడా మా వర్క్‌షాపే.

ఆవిడ దగ్గర ఒక మాట ఉండేది. "మన ఊళ్ళో గుడికి స్థలమిచ్చింది ఎవులనుకున్నారు? మా ఇంటాయన ముత్తాత." పండగ పూజలో మొదటి బెంచీ మీద కూర్చోవడానికి ఈ మాటే ఆవిడ టిక్కెట్టు. నేను వెనక ఎక్కడో ఫ్యాను గాలి తగలని బెంచీలో ఉండేవాణ్ణి. మా ముత్తాత గుడికి ఏమిచ్చాడో నాకు తెలీదు. ఏదైనా ఇచ్చుంటే ఇన్నేళ్ళలో ఎవరో ఒకరు చెప్పకపోతారా?

కొన్నేళ్ళ కిందట మా ఖరగ్‌పూర్ గుడి ఉత్సవానికి, తెలుగు కుటుంబాలు తమ తమ వంశవృక్షాలు రాసి హాల్లో తగిలించాలని ఫాదర్ చెప్పారు. నేను దేశంలో ఉన్న రికార్డులన్నీ తిరగేశాను. అంటే, మా ఊరి విచారణ గురువుకి, అక్కడి గుడి ఫాదర్‌కి, ఒక ఉత్తరం రాశాను. ఆయన మా నాన్న, మా తాతల జ్ఞానస్నానం వివరాలు పంపారు. తాత వివరాల్లో తండ్రిగా ముత్తాత పేరుంది. ఆ పైన పాత పుస్తకాలు వెతికే తీరిక లేదని రాశారు. జనాభా లెక్కల్లో దొరుకుతుందేమోనని ఇక్కడ ఒక ఆఫీసుకి కూడా వెళ్ళాను. అక్కడ కూర్చున్న బెంగాలీ కుర్రాడు మర్యాదగా కుర్చీ వేసి, "దాదూ, సెన్సస్‌లో మనుషుల పేర్లు ఎవరికీ చూపించరు, లెక్కలు మాత్రమే ఇస్తారు" అని పంపించేశాడు.

దాంతో మా ముత్తాత నెత్తిన చార్టులో జానెడు ఖాళీ మిగిలింది. పక్క చార్టు ఆ పెద్దావిడదని ముందే తెలుసు. అందులో గుడికి స్థలమిచ్చిన మహానుభావుడు పైన కూర్చుని ఉంటాడు. నా ఖాళీ ఆయన పక్కన వేలాడాలి. ఊరుకోగలనా? ఆ మహానుభావుడికి ఒక తమ్ముణ్ణి పుట్టించాను. ఇంటిపేర్లు వేరు కదా అని ఎవరూ అడక్కుండా, ఆ తమ్ముణ్ణి పిల్లల్లేని మా ఇంటికి దత్తత ఇప్పించాను. అతనే మా ముత్తాత. రెండిళ్ళ కొమ్మలూ మనవల దాకా గీశాను. అడుగున ఎర్రసిరాతో 'ఆధారం: విచారణ పుస్తకాలు, సెన్సస్' అని రాశాను. సెన్సస్ అన్న మాట కనబడితే ఇంకెవరూ నోరెత్తరు.

ఎత్తలేదు కూడా. ఉత్సవం రోజు పెద్దావిడ మనవణ్ణి నా చార్టు ముందు నిలబెట్టి పైనుంచి కిందిదాకా చదివించుకుంది. నేను సమోసాల బల్ల వెనక్కి జరిగాను. ఆవిడ నేరుగా నా దగ్గరికే వచ్చింది.

"ఏటి బావూ, నివ్వు మా ఇంటాయనకి తమ్ముడి వరసా? ఇన్నాళ్ళూ సెప్పలేదేటి?"

"నాకూ ఇప్పుడే తెలిసినాది."

"ఆయన పోయినాక ఈ ఊళ్ళో మాకు ఒక్క దాయాది కూడా నేడనుకున్నాను." ఆవిడ కొంగుతో కళ్ళొత్తుకుంది.

అక్కడే చెప్పేయాల్సింది. నోరు తెరిచాను కూడా. కానీ బయటికి వచ్చిన మాట, "ఏడవకు వదినా."

అంతే, ఆ రోజునుంచి ఆవిడ వదిన, నేను మరిది. మా వైపు మరిదికి ఉన్న సదుపాయాలు కలెక్టరుకి కూడా ఉండవు. వీధి గుమ్మంలో పిలవక్కర్లేదు. సందులోంచి వెళ్ళి వంటింటి గుమ్మంలో సైకిలు ఆపి, చెప్పులు విడిచి, పొయ్యిమీది గిన్నె మూత తీసి చూడవచ్చు. వదిన మెత్తళ్ళ ఎండుచేపల కూర వండితే ప్రేమ్ బజార్ మెస్సుల్లో కుర్రాళ్ళు చెంచాలు వదిలేసి కిటికీల దగ్గర నిలబడేవాళ్ళు. సరే, ఒక కుర్రాడు ఒకసారి నిలబడ్డాడు. వాడు కూడా ముక్కు మూసుకునే నిలబడ్డాడనుకోండి.

"మరిదీ, మూత ఒగ్గేయ్. సెయ్యి ఇరగ్గొడతాను."

"ఉప్పు సూస్తన్నాను వదినా."

"నీకు బీపీ. ఉప్పు నివ్వు సూడకు, నాను సూసుకుంటాను."

ఇలా కొన్నేళ్ళు హాయిగా జరిగింది. నాతో పాటు మా మనవరాలు కూడా వచ్చేది. అప్పుడు కాలేజీలో చదువుకునేది, ఇప్పుడు బడిలో పాఠాలు చెబుతోంది. నేను వంటింట్లో ఉంటే అది వరండాలో వదిన మనవడితో కబుర్లాడేది. ఇన్నేళ్ళలో వాళ్ళు ఒకర్నొకరు అన్నా అని గానీ చెల్లీ అని గానీ పిలుచుకోగా నేను వినలేదు. వర్క్‌షాపులో చక్రం తిరిగే చప్పుడు విని ఎక్కడ పగులుందో చెప్పేవాణ్ణని అందరికీ చెప్పుకుంటాను. ఈ చప్పుడు మాత్రం నా చెవిని పడలేదు.

ఒక మధ్యాహ్నం మా ఇంటి ముందు టోటో, అదే బ్యాటరీ రిక్షా, ఆగింది. వదిన దిగింది. చంకలో నా చార్టు, చుట్ట చుట్టి ఉంది. ఉత్సవం అయ్యాక ముచ్చటపడి అడిగి పట్టుకెళ్ళింది అది. లోపలికి వచ్చి బల్లమీద పరిచి, ఒక మూల నా కళ్ళజోడు, ఒక మూల టీ గ్లాసు పెట్టింది.

"మరిదీ, ఏది నీ మనవరాలు?"

"బడికెళ్ళింది. ఏటయ్యింది వదినా?"

"ఏటవ్వాలి? మా గుంటడు దాన్ని పెళ్ళాడతాడట. అదీ సరేనన్నాదట. ఇదిగో, ఇటు సూడు." ఆవిడ వేలు చార్టు మీద పైనుంచి బయల్దేరింది. "ఈరిద్దరూ అన్నదమ్ములు. ఈ కొమ్మన మా ఇంటాయన. ఆ కొమ్మన నివ్వు. ఈడు మా మనవడు, అది నీ మనవరాలు. ఇద్దరూ ఏటవుతారు? సెప్పు!"

నేను రాసిన అక్షరాలే. గుండ్రంగా, బాగా కనబడుతున్నాయి.

"ఒకసారి ఫాదర్‌ని అడిగితే..."

"అడిగే వొచ్చినాను. అంత దూరానికి గుడి అడ్డు పెట్టదంట. తరాలు దాటిపోనాయంట. గుడికి అడ్డు నేకపోతే మనకి నేదేటి? అన్నాసెల్లెళ్ళకి పెళ్ళి సేసినామని మన ఊరోళ్ళు కాండ్రించి ఉమ్మరా?" అంటూనే కుర్చీలో కూలబడింది. కాసేపటికి గొంతు మారింది. "అది మా ఇంటికొస్తే నాకు పండగే మరిదీ. నాకేటి ఇష్టం నేకనా?"

గుడి ఒప్పుకుంది. ఒప్పుకోనిది నా ఎర్రసిరా.

సాయంత్రం మనవరాలు బడినుంచి వచ్చి, చేతిసంచీ కూడా దించకుండా నా ఎదురుగా నిలబడింది.

"తాతా, సచ్ బోలో, నిజం సెప్పు. ఆ దత్తత నీకెక్కడ దొరికినాది?"

"రికార్డుల్లో."

"ఏ రికార్డు?"

"పాత రికార్డు."

"తాతా."

ఆ పిలుపుకి నేను చూపు కిటికీలోకి తిప్పాను. దానికి అర్థమైపోయింది. అరిచినా బాగుండేది. సంచీ దించి నెమ్మదిగా చెప్పింది. "ఆ నానమ్మ మనసారా ఊఁ అంటేనే నాను పెళ్ళాడతాను. ఆవిడ ఏడుస్తా ఉంటే ఆ ఇంట్లో కాలు పెట్టను. ఇంక నీ ఇష్టం."

శనివారం ఫాదర్ దగ్గర తప్పులొప్పుకునే పాపసంకీర్తనానికి వెళ్ళాను. అక్కడా నా జబ్బు నన్ను వదల్లేదు. "ఫాదర్, ఒక్క మాటతో రెండు వంశాలు కూల్చేశాను" అన్నాను. ఫాదర్ కంగారుపడి, "ఎవరైనా చనిపోయారా?" అని అడిగారు. "లేదు ఫాదర్, ఒకడు ఎక్కువ పుట్టాడు" అని, జరిగింది జరిగినట్టు చెప్పాను. ఆయన ముఖం పక్కకి తిప్పుకున్నారు. నవ్వు ఆపుకుంటున్నారని నా అనుమానం. చివరికి, "జపాలు తర్వాత. ముందు వెళ్ళి ఆవిడకి చెప్పండి" అన్నారు.

వెళ్ళాను. ఆ రోజు మూత తీయలేదు. వంటింటి గుమ్మంలో నిలబడే చెప్పాను. తమ్ముడు లేడు, దత్తత లేదు, మొదటి బెంచీ మీద కన్నుపడి అంతా నేనే రాశాను అని.

వదిన చేపకి పొలుసు తీస్తోంది. కత్తిపీట మీంచి తలెత్తి నన్ను జాలిగా చూసింది.

"మనవరాలి కోసం ఎంత మాటైనా ఆడతావు మరిదీ. నీ పేణం నాకు తెలవదేటి?"

"నా మాట నమ్ము వదినా. ఇది నిజం."

"అయితే సెన్సస్ అబద్ధమేటి? గవర్నమెంటు అబద్ధమాడతాదా?"

జీవితంలో ఒక్కసారి తీసివేతా కూడికా లేకుండా నిజం చెబితే నమ్మిన మనిషి లేదు. ఎంత చెప్పినా ఆవిడది ఒకటే మాట. "ఊరెల్దాం పద. పుస్తకంలో సూస్తాను. ఫాదర్ సదివితే నమ్ముతాను. నివ్వు సెప్తే నమ్మను."

ఈ ప్రయాణాన్ని ఇప్పటికీ మూడు రైళ్ళు మారి, తుపానులో ఏరు దాటి వెళ్ళినట్టు చెబుతుంటాను. ఒకటే రైలు. ఆమదాలవలసలో దిగి ఆటో ఎక్కాం. ఏట్లో పాదాలు తడిసేన్ని నీళ్ళు కూడా లేవు. దారంతా వదిన నాతో మాట్లాడలేదు గానీ, చిల్కా సరస్సు దగ్గర అటుకుల పొట్లం విప్పి సగం నా చేతిలో పెట్టింది. చార్టు పై బెర్తు మీద ఆవిడ సంచీ పక్కన పడుకుని వచ్చింది. ఆవిడ అందులోది అబద్ధమని తేలాలని కోరుకుంటోందో, నిజమని తేలాలని కోరుకుంటోందో నాకు అర్థం కాలేదు. రెండూ కావాలనుకుంటోందని ఇప్పుడు అనిపిస్తుంది. పెళ్ళీ కావాలి, మరిదీ ఉండాలి.

ఊరికి కొత్తగా వచ్చిన విచారణ గురువు కుర్రవాడు. సెమినరీలో లాటిన్ చదువుకున్నాడట. బీరువాలోంచి రెండు అట్టల పుస్తకాలు తీశాడు. ఒకటి జ్ఞానస్నానాలది. రెండోది నేనెన్నడూ వినలేదు. పూర్వం తెల్ల ఫాదర్లు ఇంటింటికీ తిరిగి, ఏ గడపలో ఎందరున్నారో, ఎవరెవరి బిడ్డలో రాసుకున్న లెక్క.

"ఇది మన గుడి సెన్సస్ తాతగారూ" అన్నాడు.

చార్టు అడుగున నేను ఊరికే పారేసిన మాట నిజంగా ఉన్నదన్నమాట.

లాటిన్ నాకూ వచ్చు, చిన్నప్పుడు పీఠం దగ్గర సేవ చేసినవాణ్ణి, నేనే చదువుతానన్నాను. పుస్తకం నా వైపు తిప్పాడు. నాకు తెలిసింది 'ఆమెన్' ఒక్కటే. అది ఆ పేజీలో లేదు. పుస్తకం ఆయన వైపు తిప్పేశాను.

ఆయన వేలు పెట్టి, తెలుగులో చెబుతూ పోయాడు. "ఇది మీ గడప. మీ ముత్తాతగారు ఇక్కడ చిన్నపిల్లవాడు. తండ్రిది మీ ఇంటిపేరే, తల్లి ఫలానా ఊరి ఆడపడుచు. ముగ్గురు కొడుకుల్లో మధ్యవాడు."

"దత్తత?" అంది వదిన.

"లేదమ్మా. దత్తత అయితే రాసేవారు. ఈ తల్లికే పుట్టాడని జ్ఞానస్నానం పుస్తకంలో కూడా ఉంది."

వదిన ముఖం ఇంకా బిగుసుకునే ఉంది. ఆవిడ నన్నూ ఫాదర్‌నీ మార్చి మార్చి చూసింది. నేను ముందే వచ్చి కుర్ర ఫాదర్‌తో మాట్లాడుకున్నానని అనుమానం. ఆ అనుమానం తప్పని నేను అనలేను. మాట్లాడుకోవాలన్న ఆలోచన రైల్లో వచ్చి, ధైర్యం చాలక వదిలేశాను.

"సివర ఏటో రాసుందే, అదేటి?" అని వేలు చూపించింది.

ఫాదర్ మొహమాటపడ్డాడు. "అది... ప్రతి ఇంటి గురించీ ఒక మాట రాసుకునేవారమ్మా. పూజకి వస్తారా, తాగుతారా, అలాంటివి. ఇది తర్వాత లెక్కలో, ఈ తాతగారి ముత్తాత ఇంటి పెద్దయ్యాక రాశారు."

"సదవండి బావూ."

"'పూజకి వచ్చును. మంచి రైతు. మాట ఎక్కువ. చెప్పినదానిలో సగము తీసివేసి నమ్మవలెను.'"

 వదిన భుజాలు కదిలాయి. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆగలేదు. బల్ల పట్టుకుని, కళ్ళనీళ్ళు కారేలా, దగ్గొచ్చేలా నవ్వింది. ఫాదర్ మంచినీళ్ళకి పరిగెత్తాడు.

"ఓలమ్మ... మరిదీ... దత్తత నేదు, గిత్తత నేదు. ఈ రగతం ఇంకో ఇంటినుంచి రాదు!"

పుస్తకంలో తల్లిపేరూ తండ్రిపేరూ నమ్మని మనిషి ఆ ఒక్క వాక్యం నమ్మింది. ఆ తెల్ల ఫాదర్ ఎవరో గానీ, మా వంశం గురించి ఆయన రాసినంత కచ్చితంగా ఎవరూ రాయలేదు. నేను అయితే అసలే రాయలేదు.

వదిన తేలికపడి, భర్త వైపు పెద్దల సమాధుల దగ్గర కొవ్వొత్తులు పెట్టి వస్తానని వెళ్ళింది. నేను ఊరుకుంటానా? "ఫాదర్, స్థలమిచ్చినాయన గడప కూడా చూద్దాం" అన్నాను. ఎందుకు అడిగానో మీకు తెలుసు.

దొరికింది. ఆయనకి తమ్ముడు లేడు, అందరూ అక్కచెల్లెళ్ళే. అది మాకు మంచిదే. కానీ ఆ కింద ఇంకో మాట ఉంది. సొంత భూమి లేదు, ఇంకొకరి పొలం పాలికి చేస్తున్నాడు అని. గుడి స్థలం ఫాదర్లు కొన్నదని మరో పేజీలో ఉందట. ఫాదర్ తలెత్తి నన్ను చూశాడు.

మొదటి బెంచీ నా కళ్ళముందు ఖాళీగా కనబడింది. దానిమీద ఫ్యాను తిరుగుతోంది. అంతలోనే వదిన ఎండలో, కాళ్ళు ఈడ్చుకుంటూ సమాధుల మధ్య వంగి వంగి వెతకడం కిటికీలోంచి కనబడింది.

"ఫాదర్, ఆ పేజీ తిప్పెయ్యండి."

"నేను అబద్ధం చెప్పలేను తాతగారూ."

"చెప్పమనలేదు. తిప్పమన్నాను."

"ఆవిడ అడిగితే?"

అడగనే అడిగింది. గుమ్మంలోకి వస్తూనే, కొంగుతో ముఖం తుడుచుకుంటూ, "మా ఇంటి గురించి ఏటి రాసినారు బావూ?" అంది.

ఫాదర్ నా వైపు చూశాడు. నేను పైకప్పు పెంకులు లెక్కపెడుతున్నాను. ఆయన పుస్తకం మీదికి వంగి, వెతికి, గొంతు సవరించుకున్నాడు. "గుడి కట్టినప్పుడు పునాదికి మట్టి మోసినవాళ్ళలో మొదటి పేరు ఈయనదేనమ్మా. కూలి తీసుకోలేదని కూడా రాశారు."

"సూసినావా మరిదీ!" వదిన నా జబ్బ మీద ఒక్కటి వేసింది. "స్థలమిచ్చినోడు మట్టి కూడా మోసినాడు!"

"మరి? మా వదిన ఇంటోళ్ళంటే మాటలేటి!" అన్నాను. కుర్ర ఫాదర్ పుస్తకం మూసి బీరువాలో పెట్టి, తాళం రెండుసార్లు తిప్పాడు.

తిరుగు రైల్లో చార్టు చింపేస్తాను ఇమ్మన్నాను. ఆవిడ ఇవ్వలేదు. "ఉండనీ. మా ఇంటాయన పేరు అందంగా రాసినావు." దాన్ని ఒళ్ళో పెట్టుకుని బరంపురం దాకా కిటికీలోంచి చూస్తూ కూర్చుంది. తర్వాత అంది, "అయితే నివ్వు నాకు ఏటీ కావు."

"వియ్యంకుణ్ణి అవుతాను."

"ఊఁ" అంది. అది మనసారా అన్న ఊఁ అని ఇంటికొచ్చి మా మనవరాలితో చెప్పాను. సగం తీసేసి నమ్మడం దానికి అలవాటే. టోటో ఎక్కి ప్రేమ్ బజార్ వెళ్ళి, స్వయంగా అడిగి, నవ్వుకుంటూ తిరిగొచ్చింది.

పెళ్ళి ప్రకటనలు గుడిలో మూడు ఆదివారాలు చదివారు. పెళ్ళికి ఖరగ్‌పూర్ తెలుగువాళ్ళు పదివేలమంది వచ్చారు. పోనీ, హాలు నిండింది. మొదటి బెంచీలో కూర్చుని ఆవిడ తన పక్కనున్న బెంగాలీ దీదీలకి, గుడికి స్థలమిచ్చి మట్టి మోసిన మనిషి కథ చెబుతోంది. వాళ్ళు నా వైపు తిరిగితే, నేను నిజమేనని తలూపాను. నేనూ ఆ బెంచీలోనే ఉన్నాను. పెళ్ళికూతురి తాతని కదా. ఫ్యాను గాలి బాగానే వస్తుంది అక్కడ.

అంతా బాగుందనుకున్న రోజుల్లో, అలవాటు చొప్పున సైకిలు సందులోకి తిప్పి, వంటింటి గుమ్మంలో ఆపి, చెప్పులు విడిచాను. గిన్నె పొయ్యిమీద ఉంది. మెత్తళ్ళు. చెయ్యి చాపాను.

"అయ్యయ్యో, అన్నయ్యగారూ! తమరు ఇలగొచ్చినారేటండీ?" వియ్యపురాలు నెత్తిన కొంగు వేసుకుని అడ్డం నిలబడింది. "వియ్యాలవారు వంటింట్లోకి వొస్తే మాకు మర్యాదేటండీ? ముందు గదిలో కూకోండి."

ముందు గదిలో కూర్చోబెట్టారు. కుర్చీ మీద కొత్త తువ్వాలు పరిచారు. ఫ్యాను వేశారు. గ్లాసులో నీళ్ళు, పళ్ళెంలో రెండు సందేశ్ మిఠాయిలు. ఆవిడ ముఖంలో నవ్వు ఆనవాలు కూడా లేదు. కత్తిపీట దగ్గర నేను చెప్పినదంతా ఆవిడ మర్చిపోలేదని, దానికి శిక్ష ఫాదర్ వెయ్యలేదు గానీ ఈవిడ వేస్తోందని అప్పుడు తెలిసింది. లోపల మా మనవరాలు దర్జాగా మూత తీస్తున్న చప్పుడు. వాసన గుమ్మం దాటి వచ్చి నా పక్కన కూర్చుంది.

మనవరాలు పళ్ళెంలో కూర తెచ్చింది. చెంచాడు. పెళ్ళివారికి వడ్డించినట్టు, అంచు తగలకుండా.

"ఏమే, ఉప్పు సరిపోనాదా?" అని గుసగుసగా అడిగాను.

"ఉప్పు నివ్వు సూడకు మరిదీ!" అని లోపల్నుంచి ఒక్క కేక వచ్చింది.

ఆ తర్వాత వంటింట్లో చప్పుడు ఆగిపోయింది. మనవరాలు పెదవి కొరుక్కుని నన్ను చూసింది. నేను కుర్చీలోంచి లేచి వంటింటి వైపు నడిచాను.